రూతమ్మకు బావి అడుగు చూపించిన సంగతి

నీళ్ళ కింద కెమెరా పట్టడం నేర్పమని నా దగ్గరకు వచ్చే పిల్లలు మొదట అడిగేది, ఏ కెమెరా కొనాలి అన్నా అని. నేను జవాబు చెప్పకుండా వాళ్ళ చేతికి అంచుదాకా నింపిన చాయ్ కప్పు ఇస్తాను. నాతో మాట్లాడుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవమంటాను. సగం చాయ్ నేలపాలు చేసినవాడికి, "కెమెరా సంగతి తర్వాత నాయనా, ముందు చేతులు తెచ్చుకో" అంటాను. నేల తుడిచే మా బేగం మాత్రం ఇంతవరకు ఒక్క శిష్యుణ్ణి కూడా మెచ్చుకోలేదు.

నా పేరు ఖాజా. తొంభైలలో శంషాబాద్ బస్టాండు పక్కన నాకు పెళ్ళి వీడియోల దుకాణం ఉండేది. దాంతోపాటు నీళ్ళ కింద వీడియో తీసేవాణ్ణి. సముద్రం లేని ఊళ్ళో ఇదేం పనిరా అని చుట్టాలంతా నవ్వారు, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. కానీ పని దొరుకుతూనే ఉండేది. తోటబంగళాల ఈత కొలనుల్లో సినిమా పాటలు, చెరువు తూము కింద పగుళ్ళు, ఒకసారి తుక్కుగూడ అవతల బావిలో పడ్డ మోటారు ఎక్కడ ఇరుక్కుందో చూసి రావడం, ఇలాంటివి. ఎవరు శాలువా కప్పారు, ఎవరు డబ్బులు ఎగ్గొట్టారు అనేవి ఇక్కడ రాయను. ఈ పనిలో తెలుసుకోవాల్సింది బొమ్మ ఊగకుండా పట్టడం. అది ఎందుకంత అవసరమో నాకు ఒక బాప్తిస్మం దగ్గర తెలిసింది కాబట్టి, దాని గురించే రాస్తాను.

ఊరికే ఉండడం

నాకు పని నేర్పినాయన మద్రాసు నుంచి వచ్చిన సినిమా కెమెరామన్. అందరూ మాస్టారు అనేవారు. బుద్వేల్ వైపు ఒక తోటలో ఈత కొలనులో పాట తీస్తూ, సామాన్లు అందించడానికి ఈత వచ్చిన మనిషి కావాలన్నారు. చిన్నప్పటి నుంచి బావుల్లో దూకి పెరిగినవాణ్ణి, నన్ను మించినవాడెవడని రొమ్ము విరుచుకుని వెళ్ళాను. కొలనులో నా విన్యాసాలన్నీ చూపించాను. మాస్టారు గట్టు మీద కూర్చుని అన్నీ చూసి, "బాగుందండీ. ఇప్పుడు ఏమీ చేయకుండా నీళ్ళలో ఉండి చూపించండి" అన్నారు. నాకు చేతకాలేదు. చేతులు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. "ఈత కొట్టేవాళ్ళు ఊరి నిండా దొరుకుతారు. నీళ్ళలో ఊరికే ఉండేవాడే దొరకడు" అని ఆయన విసుక్కున్నారు. విసుక్కుంటూనే నన్ను చేర్చుకున్నారు.

ఆయన నేర్పిన వాటిలో మొదటిది ఊపిరి. వీపు మీద గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళలో ఉన్నప్పుడు, గాలి పీలిస్తే మనిషి పైకి లేస్తాడు, వదిలితే కిందికి దిగుతాడు. మనతోపాటు బొమ్మ కూడా నిద్రపోతున్న కుక్క పొట్టలా లేస్తూ దిగుతూ ఉంటుంది. కుర్రతనంలో ప్రతివాడికీ తట్టే ఉపాయం ఊపిరి బిగబట్టడం. ఆ పని ఎప్పుడూ చేయకండి, సిలిండర్‌తో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు పగులుతాయి. కొంచెం కొంచెంగా పీల్చి, సన్నగా వదలాలి. వదిలేటప్పుడే బొమ్మ తీయాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. దూరం నుంచి లెన్సుతో దగ్గరకు లాగొద్దు, నువ్వే దగ్గరకు వెళ్ళు. నడుముకు కట్టుకునే బరువు నిన్ను ముంచనూ కూడదు, తేల్చనూ కూడదు.

ఈ చివరిది నేను చెడి నేర్చుకున్నాను. సొంతంగా ఒప్పుకున్న మొదటి పనికి నా దగ్గర సీసం బెల్టు లేదు. కిరాణా కొట్టు సేటు దగ్గర తూకం రాళ్ళు అడిగి, తువ్వాల్లో మూటగట్టి నడుముకు చుట్టుకుని బావిలో దిగాను. దిగానంటే, పోయి అడుగున కూర్చున్నాను. మూట ముడి నీళ్ళకు బిగిసిపోయి విప్పడానికి రాలేదు. చివరికి వీపున ఉన్న సిలిండర్ గాలి పీలుస్తూ, మెట్లు పట్టుకుని ముసలాయన మేడ ఎక్కినట్టు ఒక్కొక్కటే ఎక్కి వచ్చాను. పైన సేటు నిలబడి ఉన్నాడు. "ఖాజా, నువ్వెట్లనన్న పో, నా అయిదు కిలోల రాయి ఇయ్యి. గిరాకీ నిలవడ్డరు" అన్నాడు.

కెమెరా పెట్టె కథ కూడా అలాంటిదే. కొత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే మా బావమరిది అల్యూమినియంతో పెట్టె చేసి, ముందు అద్దం బిగించి ఇచ్చాడు. మూత సందులోంచి నీళ్ళు రాకుండా ఇంట్లో కుక్కర్ రబ్బరు తీసి వేశాను. చుక్క నీరు పోలేదు. ఇంట్లో మాత్రం చాలా రోజులు కుక్కర్ కూత వేయలేదు, దాని బదులు మా బేగం వేసింది.

మాస్టారు లాంటి గురువు మళ్ళీ దొరకడు. బిర్యానీ పళ్ళెం దగ్గర ఆయన పక్కన కూర్చోవడమంత నష్టం కూడా ఇంకొకటి లేదు. ముక్కలన్నీ ఆయన వైపుకే నడిచి వెళ్ళేవి.

చెంబు వద్దన్న మనిషి

అప్పట్లో శంషాబాద్ చుట్టూ ద్రాక్ష తోటలుండేవి. ఒక తోటను ఆనుకుని చిన్న చర్చి. పాస్టర్ దేవదానం గారిది గుంటూరు వైపు, మెత్తని మనిషి. వాళ్ళ పెళ్ళిళ్ళు, పండుగలు నేనే వీడియో తీసేవాణ్ణి. వాళ్ళ సంఘంలో పెద్దయ్యాక, మనిషి తనంతట తాను ఒప్పుకున్నాకే బాప్తిస్మం. మనిషిని నిండా నీళ్ళలో ముంచాలి. చర్చిలో తొట్టి లేదు కాబట్టి తోటలోని మెట్ల బావికి వెళ్ళేవారు. నీళ్ళలో మునిగిన మెట్లలో ఒకటి అరుగంత వెడల్పుంటుంది. దాని మీద నడుములోతు నీళ్ళలో పాస్టర్ గారు, బాప్తిస్మం తీసుకునేవారు నిలబడతారు. ఆయన ఒక్కసారి ముంచి లేపుతారు.

ఆ తోటలోనే పనిచేసే రూతమ్మకు యాభై దాటాయి. పుట్టింది క్రైస్తవుల ఇంట్లోనే, వారం తప్పకుండా చర్చికి వచ్చేది, కానీ బాప్తిస్మం తీసుకోలేదు. అది లేనివాళ్ళకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ఆ రసం తయారుచేసేది మాత్రం రూతమ్మే. పండ్లు కోసి, కడిగి, ఉడకబెట్టి, బట్టలో వడకట్టి, సీసాల్లో పోసి తెచ్చేది. ఒక పండుగకు వీడియో తీస్తూ నేను ఆమె బెంచీ వైపు కెమెరా తిప్పాను. చిన్న చిన్న కప్పులున్న పళ్ళెం చేతులు మారుతూ వచ్చింది. రూతమ్మ ఈ పక్క నుంచి అందుకుని ఆ పక్కకు అందించింది. తల వంచుకుంది గానీ, ఆమె కళ్ళు పళ్ళెం వెంట బెంచీ చివరి దాకా వెళ్ళాయి. పరాయి మతం వాణ్ణి, నాకెందుకని కెమెరా తిప్పేశాను. కానీ నా మనసు పాడైపోయింది.

ఆమెకు నీళ్ళంటే భయం. చిన్నప్పుడు మేకలు కాస్తూ బావిలో పడితే ఎవరో జుట్టు పట్టి లాగారట. మునగడం కన్నా, కాళ్ళ కింద ఏమీ లేకపోవడమే ఆమెకు గుర్తుండిపోయింది. పాస్టర్ గారు జాలిపడి, "మీకోసం తల మీద చెంబుతో పోస్తానమ్మా, దేవుడు కోప్పడడు" అన్నారట. రూతమ్మ ఒప్పుకోలేదు. "అందరికి బావి, నాకు చెంబా అయ్యగారు? నేనేమన్న మల్లెచెట్టునా?" అని అడిగిందట.

ఒక మధ్యాహ్నం ఆమె భర్త యాకోబును వెంటబెట్టుకుని నా దుకాణానికి వచ్చింది.

"తమ్మీ, నువ్వు నీళ్ళల్ల వీడియో తీస్తవంట గద. గా బావిల మెట్టు కింద ఏమున్నదో నాకు సూపెడ్తవా?"

"ఏముంటదక్కా, నీళ్ళుంటయ్" అన్నాను.

"నీళ్ళున్నయని నాకూ ఎర్కే. నేల ఉన్నదా అని అడుగుతున్న. నా కండ్లతోని సూస్తె దిగుత."

యాకోబు నా చెవి దగ్గరకు వంగి, "జర మంచిగ తియ్యి తమ్మీ. గీ లొల్లి తెగకపోతె నేను పరేషాన్‌తోని పోత" అన్నాడు.

యాకోబు కాళ్ళు

ఉత్త మెట్టు చూపిస్తే సరిపోదని రూతమ్మే చెప్పింది. "ఈయనను నిలవెట్టు. ఈయన కాళ్ళు నిలవడితె నా కాళ్ళు నిలవడతయ్" అంది. కాబట్టి యాకోబు లుంగీ పైకి చెక్కుకుని వెడల్పు మెట్టు మీద నిలబడ్డాడు. నేను రెండు మెట్లు కిందికి దిగి, కెమెరా చేతుల్లో పట్టుకుని తీయడం మొదలుపెట్టాను.

బావిలో చిన్న చేపలుంటాయని ఎవరికీ గుర్తులేదు. కొత్తగా వచ్చిన యాకోబు కాళ్ళను చూసి బావిలోని చేపలన్నీ విందుకు వచ్చాయి. ముందు బొటనవేలు ముడుచుకుంది. తర్వాత మడమ లేచింది. ఆ తర్వాత యాకోబు మెట్టు మీద తీన్మార్ మొదలుపెట్టాడు. నాకు నవ్వు ఆగలేదు. నీళ్ళ కింద నవ్వడం ప్రమాదం పిల్లలూ. నవ్వితే బుగ్గలు లేస్తాయి, బుగ్గలు లేస్తే కళ్ళకు పెట్టుకున్న మాస్కు సందులోంచి నీళ్ళు దూరతాయి. ముక్కు నిండా నీళ్ళతో నేను అక్కడ ఊగిపోతున్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఆ రోజుల్లో తోటలకు కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. అందుకని రైతులు స్టార్టర్ వేసే ఉంచి వెళ్ళేవారు, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది. గుర్రుమని బావంతా అదిరింది. అడుగున ఉన్న బురద లేచింది. యాకోబు "నీళ్ళు గుంజుతున్నయ్ రో" అని అరిచి ఒక్క ఉరుకున మెట్లెక్కేశాడు. ఆయన లుంగీ మాత్రం రాలేదు. అది విచ్చుకుని, నా కెమెరా ముందు నుంచి నింపాదిగా ఈదుకుంటూ పోయింది.

సాయంత్రం నా దుకాణంలో ఆ టేపు వేసేసరికి సగం సంఘం వచ్చి కూర్చుంది. యాకోబు కాళ్ళ నాట్యం దగ్గర జనం చప్పట్లు కొట్టారు. లుంగీ రాగానే పాస్టర్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వనిది రూతమ్మ ఒక్కతే.

"గా మెట్టు కాడ జర ఆపు" అంది.

ఆపాను. క్యాసెట్ రోజులు చూసినవాళ్ళకు గుర్తుంటుంది, టేపు ఆపితే తెర మీద బొమ్మ గీతలు గీతలుగా వణుకుతుంది. రూతమ్మ కొంచెంసేపు దానివైపు చూసి లేచింది. "ఆపినా ఊగుతున్నది తమ్మీ. నిలవడని దాని మీద నేనెట్ల నిలవడాలె?" అని వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. ఆ మెట్టు మా తాతలు పుట్టకముందు నుంచి ఒక్క వెంట్రుకవాసి కదలకుండా ఉంది. దాన్ని ఊగే మెట్టుగా చేసినవి నా చేతులే. పెళ్ళి వీడియోలో బొమ్మ ఊగితే ఎవరో ఒకరు విసుక్కుంటారు, అంతే. ఇక్కడ నా చేతులు ఊగితే ఒక మనిషి పళ్ళాన్ని పక్కవాళ్ళకు అందిస్తూనే బతకాలి.

ఏమీ జరగని బొమ్మ

రెండోసారి ఏర్పాట్లన్నీ చేసుకున్నాకే దిగాను. పాస్టర్ గారు తోట యజమానికి చెప్పి స్టార్టర్ డబ్బాలోంచి ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నారు. చేపల కోసం బావికి అటు పక్క మరమరాలు చల్లించాను. యాకోబును తీసేసి పాస్టర్ గారినే మెట్టు మీద నిలబెట్టాను. ఆయనకూ చక్కిలిగింతలున్నాయని తర్వాత తెలిసింది. తట్టుకోవడానికి పైన కీర్తనలు పాడుతూ నిలబడ్డారు.

నేను కాళ్ళకు రబ్బరు ఈత రెక్కలు తొడుక్కోలేదు, అవి బురద లేపుతాయి. తడి ఇసుక నింపిన సంచిని మెట్టు మీద పరిచి, దానిలో కెమెరాను గుచ్చి కూర్చోబెట్టాను. గోడకు వీపు ఆనించి నేనూ కూర్చున్నాను. పెట్టడానికి చోటుంటే కెమెరాను కింద పెట్టండి పిల్లలూ. చేతుల్లో పట్టుకుని తీశానని గొప్పలు చెప్పుకునేవాళ్ళ బొమ్మలు చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. లేచిన నలుసులన్నీ దిగేదాకా ఆగి, అప్పుడు మీట నొక్కి చేతులు తీసేశాను. అటు పక్క మరమరాలు నచ్చని చేప ఒకటి వచ్చి పాస్టర్ గారి చిటికెన వేలు పట్టుకుంది. పైన కీర్తన ఒక్కసారిగా గొంతు పెంచింది. నేను నోట్లో ఉన్న గాలి గొట్టం రబ్బరును కొరికి పట్టుకున్నాను, నవ్వలేదు. నా వృత్తి జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని అదే.

చాలాసేపు తీశాక కెమెరాను చేతుల్లోకి తీసుకుని, ఊపిరి సన్నగా వదులుతూ మెట్ల వెంట దిగాను. నన్ను అన్నేళ్ళు ఏడిపించిన ఊపిరే నన్ను మెల్లగా అడుగుకు దించింది. అక్కడ నల్లటి నేల, ఎవరిదో తెగిపడిన బొక్కెన, ఒక చెప్పు. ఆ టేపులో ఇంకేమీ లేదు. మెట్టు, రెండు కాళ్ళు, కాసింత ఎండ, నేల. నేను తీసిన వాటన్నిటిలో నాకు నచ్చినది అదే.

ఈసారి రూతమ్మను, యాకోబును తప్ప ఎవరినీ రానివ్వలేదు. ఆమె టీవీకి బాగా దగ్గరగా కూర్చుంది. ఆపమని అడగలేదు, ఆపాల్సిన పనే లేదు. చివర నేల కనిపించగానే యాకోబు, "గది నా చెప్పే" అన్నాడు. రూతమ్మ పట్టించుకోలేదు. మళ్ళీ వేయమంది. మళ్ళీ వేయమంది. మూడోసారి మెట్టు వచ్చినప్పుడు తెర మీద అరచెయ్యి పెట్టింది.

"ఉన్నది" అంది. "నేల ఉన్నది." తర్వాత భర్త వైపు తిరిగి, "ఈ ఐతారం అయ్యగారికి చెప్పు" అంది.

ముంచిన రోజు

ఆదివారం నన్ను నీళ్ళ కింద ఉండమని ఆమే అడిగింది. "మెట్టు ఊగితె పట్టుకో" అంది. సంతోషంగా దిగాను. కింద నుంచి చూస్తే ముందు పాస్టర్ గారి కాళ్ళు వచ్చాయి, తర్వాత రూతమ్మవి. ఒక మెట్టు దిగి ఆగాయి. వెనక్కి పోయాయి. మళ్ళీ దిగాయి. వెడల్పు మెట్టు కోసం వేళ్ళు నీళ్ళలో వెతుక్కున్నాయి, దొరికింది, నిలబడ్డాయి. ముందు వణికాయి, తర్వాత అదీ లేదు. చేపలు వచ్చి చుట్టుముట్టినా కదల్లేదు.

కళ్ళు మూసుకోమని పాస్టర్ గారు చెప్పే ఉంటారు. ఆయన ముంచినప్పుడు రూతమ్మ మాత్రం కళ్ళు బార్లా తెరుచుకుని నీళ్ళలోకి వచ్చింది. కిరాయికి ఇల్లు చూసేవాళ్ళలా గోడలు చూసింది, మెట్లు చూసింది, కింద నేల చూసింది. చివరికి నన్ను చూసింది. చూసి నవ్వింది. బుడగలన్నీ నా కళ్ళ ముందే పైకి లేచాయి. నేనూ నవ్వాను. ఇంకేముంది, మాస్కు నిండింది, కెమెరా పోయి గోడకు తగిలింది. అక్కడ బొమ్మ పిచ్చిపట్టినట్టు ఊగుతుంది. దాన్ని చూపించి ఇది కళ అనే పాపం నేను చేయను, చెడిపోయింది అంతే. కానీ ఆ చెడిపోవడంలో ఉన్న ఆనందం నాకు ఇంకే పనిలోనూ దొరకలేదు.

నేను పైకి తేలేసరికి బావి గట్టు మీద అందరూ పడి పడి నవ్వుతున్నారు. రూతమ్మ నీళ్ళు కారుతున్న ముఖంతో పాస్టర్ గారి చెయ్యి పట్టుకుని, "ఇంకొక్కసారి ముంచుండ్రి అయ్యగారు, అటు పక్క సూడలే" అంటోంది. "ఒక్కసారేనమ్మా, ఒక్కసారే" అని ఆయన బతిమాలుకుంటున్నారు.

తడి జుట్టుతోనే ఆమె చర్చిలోకి వచ్చి తన బెంచీలో కూర్చుంది. నేను కెమెరాను స్టాండు మీద పెట్టి పక్కన నిలబడ్డాను. రొట్టె అయ్యాక కప్పుల పళ్ళెం బయలుదేరింది. పళ్ళెం రూతమ్మ చేతికి వచ్చింది. ఆమె దాన్ని ఒడిలో పెట్టుకుని ఒక కప్పు తీసింది, నోటిలో పోసుకుంది. మరుక్షణం ఆమె ముఖమంతా ముడుచుకుపోయింది.

"గింత పుల్లగున్నదేంది?" అంది, చర్చంతా వినబడేటట్టు.

ఎవరూ తలెత్తలేదు. రూతమ్మ ముందు బెంచీ చూసింది, వెనక బెంచీ చూసింది. "ఇన్నేండ్ల సంది గిదే తాగుతున్నరా మీరు? ఒక్కలన్న చెప్పకపోతిరి."

అప్పుడు అర్థమైంది నాకు. తనకు ఇంకా హక్కు రాలేదని, అన్నేళ్ళూ ఆ రసం చేస్తూ ఆమె ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. పులుపో తీపో ఆమెకు తెలియదు. రుచి చూడని మనిషికి రుచి బాగాలేదని చెప్పడానికి సంఘంలో ఒక్కరికీ నోరు రాలేదు.

పాస్టర్ గారు బల్ల దగ్గర నుంచే, "మీరు తాగిన రోజున మీరే చెప్తారని ఆగామమ్మా" అన్నారు.

రూతమ్మ నోరు కొంగుతో తుడుచుకుంది. కప్పులో ఇంకా కొంచెం మిగిలి ఉంది. దాన్ని కూడా తాగి, పళ్ళెం పక్కవాళ్ళకు అందించింది.